చివరి పడవ వెళ్లిపోయాక...

మధ్యాహ్నం మూడు దాటింది. ఒడ్డున మరపడవ ఇంజన్ గుర్రుమంటోంది. పడవ నడిపే మనిషి ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నీళ్ల వైపు చూసి తొందరపెడుతున్నాడు. సముద్రం వెనక్కి తీస్తోంది. ఇంకాస్త ఆగితే పడవ అడుగు ఇసుకలో ఆనుతుంది. పొద్దున వచ్చిన జనమంతా చెమటకు తడిసిన చొక్కాలతో, ఖాళీ నీళ్ల సీసాలతో ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ‘ముక్కు కోతి కనిపించిందా?’... ఒకరినొకరు అడిగే ప్రశ్న అదొక్కటే. ‘ఏదో కొమ్మ ఊగింది, తోక కనిపించింది’ అని కొందరు. ‘మాకు అదీ లేదు’ అని ఇంకొందరు.

పడవ కదిలింది. చప్పుడు దూరమైంది. ఎండ కాస్త మెత్తబడ్డాక, ఒడ్డు పక్కనున్న మడచెట్ల మీదికి ఒకటి, రెండు, అయిదు, పది... పొద్దుటినుంచీ అందరూ వెతికిన ముక్కు కోతులు తాపీగా దిగి వస్తాయి. చూడ్డానికి అప్పుడక్కడ మిగిలేది రాత్రికి ఉండిపోయిన కొద్దిమందే!

మలేసియాలోని సారవాక్ రాష్ట్రంలో, బోర్నియో దీవి అంచున ఉన్న బాకో జాతీయ ఉద్యానంలో తరచూ కనిపించే దృశ్యమిది. అక్కడికి వెళ్లే ప్రతి కుటుంబం ముందూ ఒకటే సందేహం. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఊళ్లోకి వచ్చేయడమా? ఒక రాత్రి అడవిలోనే ఉండిపోవడమా? చిన్న విషయంలాగే అనిపిస్తుంది. కానీ హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు దాదాపు నాలుగు గంటలు, అక్కడినుంచి కూచింగ్‌కు మళ్లీ పావు తక్కువ రెండు గంటలు విమానాల్లో ఎగిరి, పాస్‌పోర్టు మీద రెండుచోట్ల ముద్ర వేయించుకుని (సారవాక్‌లో అడుగుపెట్టడానికి కౌలాలంపూర్ నుంచి వచ్చేవాళ్లకు కూడా విడిగా తనిఖీ ఉంటుంది) అంత దూరం వెళ్లాక, అసలు ఆట మొదలయ్యే వేళకు తిరుగు పడవ ఎక్కేస్తే? ఆ వెలితి ఫొటోలతో తీరేది కాదు.

గోరంత అడవి... కొండంత సంపద

బోర్నియో ప్రపంచంలో మూడో పెద్ద దీవి. మలేసియా, ఇండొనేసియా, బ్రూనై... మూడు దేశాలు దాన్ని పంచుకున్నాయి. అంత పెద్ద దీవిలో బాకో ఏమాత్రం? కేవలం 27 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కానీ సారవాక్‌లో అన్నిటికంటే పాత జాతీయ ఉద్యానం ఇదే. 1957లో ఏర్పడింది. అంటే మలేసియా అనే దేశం పుట్టడానికి ఆరేళ్లు ముందే అన్నమాట.

ఊరు దగ్గరే. సారవాక్ రాజధాని కూచింగ్ నుంచి 40 కిలోమీటర్ల లోపు దూరంలో బాకో అనే పల్లె ఉంది. అక్కడిదాకా బస్సో, టాక్సీయో. అక్కడితో రోడ్డు ఆఖరు. ఆపైన చిన్న మరపడవలో నది మొగ దాటి, సముద్రంలో అరగంట లోపు ప్రయాణం. పల్లె రేవులోనే ‘మొసళ్లున్నాయి జాగ్రత్త’ అనే బోర్డు పలకరిస్తుంది. అది అలంకారానికి పెట్టింది కాదు. పోటు మీద ఉన్నప్పుడు పడవ నేరుగా ఉద్యానం ఒడ్డుకు చేరుతుంది. ఆటు సమయమైతే ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో నడవాల్సిందే. చీర కట్టుకుని బయల్దేరిన అత్తగారిని కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుని దించే సన్నివేశం ముందే ఊహించుకుని వెళ్లడం మంచిది.

ఇంత చిన్న జాగాలో బోర్నియోలో ఉండే అడవుల రకాలు దాదాపు అన్నీ ఉన్నాయి. ఒడ్డున మడ అడవి. కాస్త లోపలికి ఆకాశాన్నంటే చెట్ల వానడవి. కొండ ఎక్కితే ఒక్కసారిగా చెట్లు పొట్టివైపోయి, తెల్లటి ఇసుకనేల. దాన్నే అక్కడివాళ్లు ‘కెరంగాస్’ అంటారు. ఇబాన్ తెగవాళ్ల మాట అది. అర్థం తెలిస్తే మన రైతులు వెంటనే తలూపుతారు... ‘వరి పండని నేల’ అని! అడవిని కూడా వరితోనే కొలిచే జాతి ఇంకొకటి ఉందన్నమాట.

ఆ పనికిరాని నేలలోనే వింతలన్నీ. మట్టిలో సారం లేకపోతే మొక్క ఏం చేస్తుంది? పురుగుల్ని తింటుంది. పిల్లలు సైన్సు పుస్తకంలో బొమ్మగా చూసిన కూజా మొక్క, అదే నెపంథిస్, ఇక్కడ బాట పక్కనే కనిపిస్తుంది. మూతపెట్టిన చిన్న చెంబులా ఉంటుంది. అంచు మీద జారిన చీమ లోపలి నీళ్లలో పడి అరిగిపోతుంది. దానికి పూర్తి విరుద్ధంగా ఇంకో మొక్క చీమల్ని తినదు, ఇల్లు కట్టించి అద్దెకిస్తుంది. చెట్టు కొమ్మకు అంటుకుని గడ్డలా ఉబ్బిన దాని కాండంలో గదులు గదులుగా ఖాళీలుంటాయి. చీమలు వాటిల్లో కాపురం ఉంటాయి. అవి వదిలేసిన చెత్తే మొక్కకు ఎరువు. అద్దె సరుకుల రూపంలో అన్నమాట.

ఈ వింతలు పగటివి. ఎక్కడికీ పారిపోవు. కాబట్టి పగలు వచ్చి వెళ్లేవాళ్ల ప్రయాణం వృథా అని ఎవరైనా అంటే అది అన్యాయం. చిక్కంతా కాళ్లూ రెక్కలూ ఉన్నవాటితోనే.

నెమరు వేసే కోతి!

బాకోకు వచ్చే జనంలో ఎక్కువమందిని రప్పించేది ముక్కు కోతి. బోర్నియోలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా కనిపించదు. మగకోతి బరువు 20 కిలోలు దాటుతుంది. ఒంటినిండా ఇటుక రంగు బొచ్చు, బానపొట్ట, తెల్లటి తోక. ముఖం మధ్యలో నోటిని దాటి కిందికి వేలాడే ముక్కు. తినేటప్పుడు ముక్కు పక్కకి తప్పించుకోవాల్సి వస్తుందేమో అనిపిస్తుంది. డచ్చివాళ్లు ఆ దీవులకు వచ్చిన కొత్తల్లో వాళ్ల పొడుగు ముక్కుల్నీ, పొట్టల్నీ చూసి స్థానికులు ఈ కోతికి ‘ఒరాంగ్ బెలండా’ అని పేరు పెట్టేశారంటారు. అంటే డచ్చి మనిషి!

ఆ ముక్కు ఎందుకు? పెద్ద ముక్కున్న మగకోతి పెద్ద ఒళ్లుతో ఉంటుందనీ, దాని గుంపులో ఆడకోతులు ఎక్కువుంటాయనీ 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ముక్కు గొంతుకు కూడా అక్కరకొస్తుంది. ‘హాంక్’ మంటూ పాత లారీ హారన్ లాంటి కూత అందులోంచి వచ్చేదే. ఆడవాటికి చిన్న మొన ముక్కు. పుట్టిన పిల్లకైతే ముఖం నీలం రంగులో ఉంటుంది.

ముక్కు కన్నా విచిత్రం పొట్ట. ఇవి ఎక్కువగా తినేది ఆకులు, పచ్చికాయలు, గింజలు. ఆవు పొట్టలాగే వీటి పొట్టలోనూ గదులున్నాయి. సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి అరిగిస్తాయి. తీయటి పండిన పండ్లు మాత్రం వీటికి పడవు. పొట్టలో ఒక్కసారిగా పులిసి గ్యాసు పట్టేస్తుంది. 2011లో పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఈ కోతులు అప్పుడప్పుడు తిన్నది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నములుతాయట. కోతుల్లో నెమరు వేసేది ఉందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

రాత్రి ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ పొట్టలోనే ఉంది. ఆకులు అరగడానికి బోలెడంత సేపు పడుతుంది. అందుకే ముక్కు కోతి పొద్దున్నే తింటుంది, సాయంత్రం తింటుంది. ఎండవేళ ఎక్కడో దట్టమైన కొమ్మల్లో కదలకుండా కూర్చుని అరిగించుకుంటుంది. భోంచేసి మధ్యాహ్నం కునుకు తీసే మన పెద్దవాళ్లకు ఈ పద్ధతి బాగానే అర్థమవుతుంది. పగటి యాత్రికులు వచ్చేది ఎప్పుడు? తొమ్మిది, పది గంటలకు. వెళ్లేది మూడు, నాలుగింటికి. అంటే కోతి కునుకు తీసే వేళంతా వీళ్లు అడవిలో ఉంటారు. అది లేచేసరికి పడవలో ఉంటారు!

బాకోలో ఇవి సుమారు 275 ఉన్నాయని చాలాకాలంగా చెప్పుకొనే లెక్క. తెల్లారగట్లా, సాయంత్రం పూటా బస గదుల దగ్గరి టెలోక్ అస్సామ్ మడ అడవిలోనూ, దగ్గర్లోని టెలోక్ డెలీమా, టెలోక్ పాకు బాటల్లోనూ కనిపించే అవకాశం ఎక్కువ. అవకాశమే సుమా, హామీ కాదు. రాత్రి ఉన్నా కనిపించని రోజులు ఉంటాయి. పగలే వచ్చి పడవ దిగిన అయిదు నిమిషాలకు చూసేసిన అదృష్టవంతులూ ఉంటారు. అడవి టికెట్టుకి బదులు చెప్పదు.

ఆరు గంటల్లో ఏం చూడొచ్చు?

పగటి ప్రయాణానికి దక్కేది మహా అయితే ఆరేడు గంటలు. అందులోనే పేర్లు రాయించుకోవడం, తిండి, పడవ కోసం ఎదురుచూపు. కూచింగ్‌లో ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. మన కోస్తా జిల్లాల వర్షపాతానికి దాదాపు నాలుగు రెట్లు. మధ్యాహ్నం ఎప్పుడు కుమ్మరిస్తుందో తెలియదు. గాలి కదలని ఉక్కపోత సరేసరి.

బాటలకు రంగులు కేటాయించారు. చెట్ల మీద వేసిన రంగు గుర్తుల్ని పట్టుకుని పోవడమే. చాలామంది చేసే పొరపాటు, వచ్చిందే ఒక్కరోజు కదా అని అన్నీ చూసేయాలనుకోవడం. లింటాంగ్ అనే చుట్టుబాట ఉంది. 5.8 కిలోమీటర్లు. మన పార్కులో పొద్దుటి నడకకు అలవాటుపడ్డవాళ్లు ‘ఓస్, ఆరు కిలోమీటర్లేగా’ అనుకుంటారు. అక్కడ దానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. వేళ్లే మెట్లు, రాళ్లే నిచ్చెనలు. కానీ ఒకే నడకలో అడవి రూపం నాలుగైదు సార్లు మారడం చూడాలంటే ఇంతకు మించింది లేదు. కూజా మొక్కల కెరంగాస్ మీదుగా వెళ్లేదీ ఇదే. పగటికి వచ్చినవాళ్లు ఎంచుకోవాల్సింది ఇది ఒకటి, లేదంటే రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు నడిపించి సముద్రపు ఒడ్డున దించే టెలోక్ పండన్ కెచిల్ బాట. రెంటినీ ఒకేరోజు పెట్టుకుంటే రెండూ మిగలవు. కాలి నొప్పులు మిగులుతాయి.

ఏ బాట పట్టినా ముందు కార్యాలయంలో పుస్తకంలో పేరు, వేళ రాసి వెళ్లాలి. వచ్చాక మళ్లీ రాయాలి. చీకటి పడ్డాక కూడా ఎవరి పేరు ఎదుట ఖాళీ ఉందో వాళ్లకోసం సిబ్బంది వెతుక్కుంటూ వెళ్తారు. తిరిగొచ్చాక సంతకం మర్చిపోయి క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చోవడం వాళ్లకు ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు.

పగటి యాత్రికులకు కోతి దొరకదనేది కూడా పూర్తి నిజం కాదు. కోరకుండానే దొరికేది ఒకటుంది... పొడుగు తోక కోతి. మన తిరుమల, శ్రీశైలం కోతులకు దగ్గరి చుట్టమే. బుద్ధులు కూడా అవే. బల్ల మీద పులిహోర పొట్లం విప్పారో, అయిపోయిందే! బ్యాగుల జిప్పులు తీస్తాయి. గడియ పెట్టని తలుపులు తెరుస్తాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే చాలు, అందులో తిండి ఉన్నట్టే వాటి లెక్క. మనుషులు నేర్పిన విద్యే అది. పాపం, పిల్లాడు ముచ్చటపడుతున్నాడు కదా అని ఒక్క బిస్కెట్టు విసిరితే, దాని ఫలితం ఆ తర్వాత వచ్చే వందమంది అనుభవిస్తారు. వెండి రంగు కోతులు మాత్రం మర్యాదస్తులు. కొమ్మల్లో ఆకులు తింటూ తమ మానాన తాముంటాయి. బూడిదరంగు తల్లి ఒళ్లో నారింజ రంగు పిల్ల! ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చినట్టుంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ రంగు పోయి తల్లి రంగు వస్తుంది.

గదుల చుట్టూ తిరిగే గడ్డం పందులు బాకోకు ఇంకో గుర్తుగా ఉండేవి. బుర్ర మీసాల మామయ్యలాంటి ముఖం. 2021లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బోర్నియోకు పాకి గడ్డం పందుల్ని చాలాచోట్ల తుడిచిపెట్టింది. పాత ఫొటోలు చూసి వాటికోసమే వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

రాత్రి తెరుచుకునే అడవి

ఉండిపోయినవాళ్ల సంగతి చూద్దాం. చివరి పడవ వెళ్లాక మొదట తెలిసేది నిశ్శబ్దం కాదు, చప్పుడు. పొద్దుటినుంచీ మనుషుల మాటల్లో మునిగిపోయిన కీచురాళ్లు, కప్పలు, పేరు తెలియని పిట్టలు ఒక్కటొక్కటే గొంతు విప్పుతాయి. సముద్రం బాగా లోపలికి తీసి, బురదనేల బయటపడుతుంది. కాకినాడ పక్క కోరింగలో మడ అడవుల్ని చూసినవాళ్లకు ఆ ఊపిరి వేళ్లు, బురదమీద పరుగెత్తే ఎర్రపీతలు, గెంతే బురదచేపలు కొత్తకాదు. పైన కొమ్మలో కూర్చుని ఆకులు దూసుకు తినే పెద్దముక్కు పెద్దమనిషి మాత్రం కొత్త. తినేటప్పుడు అంత తొందరేమీ ఉండదు. ఒక ఆకు, ఒక చూపు. పిల్లకోతులు ఒకదాని తోక ఒకటి లాగుతుంటాయి. కొమ్మ మీంచి కొమ్మకు ఇరవై కిలోల శరీరం దూకితే చెట్టంతా అదిరిపోతుంది. పొరపాటున నీళ్లలో పడ్డా భయం లేదు. వేళ్ల మధ్య పొర ఉంది, బాతులా ఈదేస్తాయి.

భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ సాయంసంధ్య సాగదు. ఆరున్నర, ఏడు మధ్య సూర్యుడు దిగాడంటే, దీపం ఆర్పినట్టు చీకటి. అంతకుముందు ఆ కాస్తసేపూ పడమటి దిక్కున అఖాతానికి అవతల ఒక కొండ నల్లగా నిలబడుతుంది. సంతుబోంగ్. 810 మీటర్లు. దాని పాదాల దగ్గరే 1855 ఫిబ్రవరిలో ఒక ఆంగ్లేయుడు చిన్న ఇంట్లో వంటకుర్రాణ్ని ఒక్కణ్ని తోడు పెట్టుకుని ఉన్నాడు. వయసు 32. పేరు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేస్. పురుగుల్నీ పక్షుల్నీ పట్టి లండన్‌కు అమ్మి పొట్టపోసుకునేవాడు. వానలు పట్టుకుని బయటికి కదల్లేక, చేసే పనిలేక, ఆలోచిస్తూ కూర్చుని ఒక వ్యాసం రాశాడు. ప్రతి కొత్త జీవజాతీ తనకు దగ్గరి పోలిక ఉన్న పాత జాతి ఉన్నచోటే, దాని వెనకే పుడుతోందన్నది అందులోని సారం. మూడేళ్ల తర్వాత, 1858లో, డార్విన్ పేరుతో పాటు అతని పేరు కూడా పరిణామ సిద్ధాంతం మీద పడింది. వాన కురిస్తే యాత్ర పాడైందని గొణుక్కునేవాళ్లకు ఈ కథ చెప్పుకోవచ్చు!

రాత్రి ఎనిమిది ప్రాంతంలో అటవీ సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని గంటా గంటన్నర నడకకు తీసుకెళ్తారు. పిల్లలు జీవితాంతం చెప్పుకునేది ఇదే. దీపం వేసిన చోటల్లా రెండు మెరుపులు. మెరుపు చిన్నదైతే సాలీడు, పెద్దదైతే పునుగుపిల్లి కావచ్చు. కుందేలంత ఎత్తున్న మూషిక జింక ఒక్కోసారి బాటకు అడ్డంగా నిలబడుతుంది. ఆకుపచ్చ రక్తపింజరి జాతి పాము ఒకటి పగలు ఏ కొమ్మను చుట్టుకుందో రాత్రికీ అక్కడే ఉంటుంది. దాన్ని చూపించడం గైడ్లకు సరదా. దగ్గరికెళ్లి ఫొటో తీయాలనుకోవడం మాత్రం సరదా కాదు. తల పైకెత్తితే అదృష్టం బాగుంటే కొలూగో. ‘ఎగిరే లీమర్’ అని పిలుస్తారు. నిజానికి అది లీమరూ కాదు, ఎగరదు కూడా. మెడనుంచి తోకదాకా ఉన్న చర్మాన్ని గొడుగులా పరిచి వంద మీటర్లకు పైగా తేలిపోగలదు. పగలంతా చెట్టు బెరడుకు అతుక్కుని బెరడులాగే ఉంటుంది. దాని పక్కనుంచే పొద్దున పాతికమంది వెళ్లి ఉంటారు.

ఇవన్నీ ఒకే రాత్రి కనిపిస్తాయా? కనిపించవు. నాలుగు కప్పలు, రెండు పుల్లపురుగులు, నిద్రపోతున్న ఒక పిట్టతో ముగిసే నడకలూ ఉన్నాయి. అయినా పదేళ్ల పిల్లలకు చీకట్లో అడవిని వినడం అనే అనుభవం ఇంకెక్కడ దొరుకుతుంది? టార్చిలన్నీ ఒక్క నిమిషం ఆర్పేయమని గైడ్ చెప్పినప్పుడు, ఎప్పుడూ సెల్‌ఫోన్ వదలని కుర్రాడు కూడా నాన్న చెయ్యి వెతుక్కుంటాడు.

మరి అమ్మమ్మ సంగతో?

ఇంతవరకూ చదివి గది బుక్ చేసేయాలనుకుంటే, రెండోవైపు కూడా చూడాలి. బాకో బసను హోటల్ అనుకుంటే నిరాశ తప్పదు. చెక్క ఇళ్లు, హాస్టల్ గదులు. మంచం, పరుపు, ఫ్యాను. అంతే. కుళాయి నీళ్లు టీ రంగులో వస్తే కంగారుపడక్కర్లేదు. ఆకులు నానిన పీట్ నేలలోంచి వచ్చే వాగునీళ్ల రంగే అది. తాగడానికి మాత్రం సీసా నీళ్లే. క్యాంటీన్‌లో అన్నం, నూడుల్స్, కూర, గుడ్డు, కోడి. శాకాహారులు పూటకో రకం ఆశించకూడదు. ఆవకాయ సీసా ఒకటి ఉంటే గండం గడుస్తుంది, కోతుల కంటపడకుండా దాచుకోగలిగితే.

రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే? ఇదే అసలు ప్రశ్న. రోడ్డు లేదు. చీకట్లో, ఆటు పోట్లు చూసుకుని పడవ రావాలి. ఆ తర్వాత గంట సేపు రోడ్డు. గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్లను రాత్రికి ఉంచడం సాహసమే. ఏడాది, రెండేళ్ల పసిపిల్లలతోనూ అంతే. ఇలాంటివాళ్లకు పగటి ప్రయాణమే సరి. మోకాళ్లనొప్పులున్న అమ్మమ్మ లింటాంగ్ బాట ఎక్కలేదు కానీ, మడ అడవి మీద వేసిన చెక్కబాట మీద నెమ్మదిగా నడవగలదు. బెంచీ మీద కూర్చుంటే వెండికోతులు వాటంతట అవే వస్తాయి. అలా కూర్చున్నవాళ్లే ఎక్కువ చూడటం కూడా కద్దు.

కుటుంబం మొత్తం ఒకేలా చేయాలన్న నియమమేమీ లేదు. తాతయ్య, అమ్మమ్మ, చిన్నపాపతో ఒకరు సాయంత్రం పడవలో కూచింగ్ వచ్చేసి, మిగతావాళ్లు ఉండిపోతే తప్పేంటి? కూచింగ్‌లో నది ఒడ్డున సాయంత్రం షికారు, ఇండియా స్ట్రీట్‌లో బట్టల కొట్లు... వాళ్ల పొద్దూ గడిచిపోతుంది. మన ఇళ్లలో మాత్రం ‘అందరం కలిసే ఉందాం’ అంటూ మొదలై, అందర్నీ ఇబ్బంది పెట్టి ముగిసే ప్రయాణాలే ఎక్కువ.

నెల కూడా చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. సముద్రం పోటెక్కి ఉంటుంది. పడవలు ఆలస్యం కావచ్చు, పూర్తిగా ఆగిపోనూవచ్చు. సంక్రాంతి సెలవులకు వెళ్లేవాళ్లు మర్నాడే తిరుగు విమానం పెట్టుకుని రాత్రికి అడవిలో ఉండటం తెలివైన పనికాదు. మధ్యలో ఒక ఖాళీరోజు ఉండాలి. మన వేసవి సెలవులు ఈ విషయంలో నయం. అయితే గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. సారవాక్ అటవీ సంస్థ ఆన్‌లైన్‌లో గదులిస్తుంది. విమానం టికెట్ల కన్నా ముందు ఆ గది ఉందో లేదో చూసుకోవాలి. చాలామంది వరస తిరగేసి, ఆనక పగటి ప్రయాణంతో సరిపెట్టుకుంటారు.

మంచాలు తక్కువున్నాయని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. 27 చదరపు కిలోమీటర్ల అడవిలో ఇంకో వంద గదులు కడితే చూడ్డానికి మిగిలేదేంటి? ముక్కు కోతి అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో ఉంది. నది ఒడ్డు, మడ అడవి దానికి ప్రాణం. బోర్నియోలో అలాంటి పల్లపు అడవులే ముందుగా నరికివేతకు గురయ్యాయి. వాటిలో చాలాచోట్ల ఇప్పుడున్నవి పామాయిల్ తోటలు. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. కూచింగ్ నుంచి బయల్దేరిన ఏ విమానం కిటికీలోంచి చూసినా, గళ్లచీర పరిచినట్టు వరసలు వరసలుగా ఆ తోటలు కనిపిస్తాయి. గోదావరి జిల్లాల వాళ్లు వాటిని ఇట్టే గుర్తుపడతారు.

మన దగ్గర్లో ఈ తర్జనభర్జన లేని వానడవి కూడా ఉంది. కేరళలోని సైలెంట్ వ్యాలీ. ముక్కాలి నుంచి అటవీశాఖ వాహనంలో సైరంధ్రి దాకా వెళ్లి, అదేరోజు తిరిగి వచ్చేయడమే. సారవాక్‌లోనే ఉన్న గునుంగ్ ములు సంగతి దానికి తలకిందులు. అక్కడికి చాలామంది విమానంలోనే చేరతారు. గుహలోంచి లక్షల గబ్బిలాలు సాయంత్రం బయటికొచ్చే దృశ్యమే ముఖ్యం కాబట్టి రాత్రి ఉండక తప్పదు. నిర్ణయాన్ని మనకే వదిలేసింది బాకో ఒక్కటే.

రాత్రి ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. నడిచి నడిచి అలసిపోయి పొద్దున ఎనిమిదిదాకా పడుకుంటే, ఉండి కూడా సగం పోగొట్టుకున్నట్టే. ఆరింటికల్లా లేవాలి. మంచు లాంటి ఆవిరి చెట్ల మీదినుంచి ఇంకా లేవకముందే టెలోక్ డెలీమా బాటలో అడుగుపెట్టాలి. కిలోమీటరే దూరం. మాటలొద్దు. రాలిన ఆకుల చప్పుడు, పైన కొమ్మ విరిగిన చప్పుడు, ఆ తర్వాత ఆ లారీ హారన్. నిన్న సాయంత్రం మడచెట్ల మీద చూసిన గుంపే మళ్లీ లోపలికి పోతూ కనిపించవచ్చు. ముందు పెద్ద మగకోతి, వెనక తల్లులు, వాళ్ల పొట్టల్ని కరుచుకుని నీలిముఖం పిల్లలు. ఎండ ఎక్కేకొద్దీ ఆకుల్లో కలిసిపోతాయి.

తొమ్మిదవుతుంది. క్యాంటీన్‌లో టీ పూర్తయ్యేలోపు నీళ్లవైపు నుంచి ఇంజన్ చప్పుడు. మొదటి పడవ. మెళ్లో కెమెరాలు, నెత్తిన టోపీలు, కొత్త బూట్లు. దిగీ దిగగానే మొదటి ప్రశ్న... ‘ముక్కు కోతులు ఎక్కడుంటాయండీ?’